శ్రమల దినాల్లో పిల్లలకు యేసు చిత్రాల్లో ఏది చూపించాలి? (చర్చ)

సండేస్కూలు టీచరమ్మ, తిరుపతి
అందరికీ వందనాలు. ఈసారి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో మూడు శుక్రవారాల సాయంత్రం మా సంఘం పిల్లలకూ యౌవనస్థులకూ కలిపి, యేసు ప్రభువు జీవితం మీద తీసిన ఒక చిత్రాన్ని భాగాలుగా చూపించాలని అనుకుంటున్నాము. ప్రొజెక్టరు ఉంది గాని తెర లేదు. మందిరం వెనక గోడకు సున్నం వేయిస్తే చాలునని పాస్టరు గారు అంటున్నారు. నా సందేహాలు నాలుగు. సువార్త పాఠానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న చిత్రం ఏది? తెలుగులో వినడానికి ఇబ్బంది లేనిది ఏది? 2004లో మెల్ గిబ్సన్ తీసిన ‘ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్’ను పదేళ్లలోపు పిల్లలకు చూపించవచ్చునా? గోడ మీద బొమ్మ స్పష్టంగా పడాలంటే ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి? మా పిల్లల్లో చాలామంది ఇళ్లలో బైబిలు తెరవరు కాబట్టి వాళ్లు గోడ మీద ఏది చూస్తే అదే సువార్త అనుకుంటారు. నా భయమంతా దాని గురించే.

పాత రీలు, పలమనేరు
టీచరమ్మ గారూ, విజయచందర్ యేసుగా నటించిన ‘కరుణామయుడు’ ఉండగా మీకు ఈ సందేహాలు ఎందుకు వచ్చాయో నాకు అర్థం కాలేదు. 1978 డిసెంబరులో విడుదలైన ఆ చిత్రాన్ని నేను మొదట చూసింది సినిమా హాలులో కాదు, మా ఊరి రచ్చబండ ముందు రెండు వెదురుబొంగులకు కట్టిన తెల్ల పంచె మీద. 16 ఎం.ఎం. ప్రొజెక్టరును జీపులో తెచ్చేవారు. గాలి వీచినప్పుడల్లా పంచె ఉబ్బి, గలిలయ సముద్రం మీద నిజంగానే తుపాను లేచినట్టు ఉండేది. ఒకసారి ఆపరేటరు నిద్రమత్తులో చివరి రెండు రీళ్లను తారుమారు చేసి ఎక్కించాడు. పునరుత్థానం ముందు వచ్చింది, ఆ తరువాత సిలువ వచ్చింది. మా అవ్వ నా భుజం పట్టుకుని, "లేసిన ఆయప్ప మళ్లా యాల సచ్చిపోతాడ్రా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆపరేటరు దగ్గరా లేదు. అయినా ఆ రాత్రి సిలువ మోసే దృశ్యం వచ్చినప్పుడు మా వీధిలో కూర్చుని ఉన్నవాళ్లు ఒక్కరు కూడా లేరు, అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. మోదుకూరి జాన్సన్ రాసిన అందులోని ‘కదిలింది కరుణరథం’ పాట వినపడితే నేను ఇప్పటికీ కూర్చోలేను.

మూలవాక్యం, రేణిగుంట
అక్కగారు అడిగింది పాఠానికి దగ్గరగా ఉన్న చిత్రం గురించి. ఎవరు ఎప్పుడు లేచి నిలబడ్డారన్నది కాదు. ఒకే సువార్తను పట్టుకుని తీసిన చిత్రాలు నాకు తెలిసినంతలో మూడు ఉన్నాయి. 1964లో పసోలినీ అనే దర్శకుడు ఇటలీలో తీసినది మత్తయి, 1979లో బ్రయన్ డీకన్ యేసుగా నటించినది లూకా, 2003లో హెన్రీ ఇయాన్ క్యూసిక్ నటించినది యోహాను. ఈ చివరిది దాదాపు మూడు గంటలు నడుస్తుంది, వాక్యాన్ని మొదటినుండి చివరిదాకా వదలకుండా చెప్పుకుంటూ పోతుంది. మిగిలిన చిత్రాలన్నీ నాలుగు సువార్తలను ఒక కుండలో వేసి కలిపినవే. మత్తయిలో తూర్పు దేశపు జ్ఞానులు ‘ఇంటిలోనికి’ వచ్చి శిశువును చూశారని ఉంది, వారు ముగ్గురని ఎక్కడా లేదు. ముగ్గురన్నది కానుకల లెక్కను బట్టి వచ్చిన మాట. లూకాలో గొర్రెల కాపరులూ పశువుల తొట్టీ ఉన్నాయి, జ్ఞానులు లేరు. సినిమా వాళ్లు మాత్రం అందరినీ ఒకే రాత్రి ఒకే పాకలోకి తోస్తారు. ‘ప్యాషన్’ సంగతి చెప్పనే అక్కరలేదు. యేసు ముఖం తుడిచే వెరోనికా, ఆయన మూడుసార్లు పడిపోవడం, ఇవేవీ వాక్యంలో లేవు. అరచేతుల్లో మేకులు కొట్టడం ఒక్కటే అందులో సరిగ్గా చూపించిన విషయం.

ఆరో స్థలం, చిత్తూరు
రేణిగుంట సోదరుడు ‘వాక్యంలో లేవు’ అని ఒక్క ముక్కలో కొట్టివేసిన వెరోనికమ్మ, యేసు సిలువ మోసిన దారిని పద్నాలుగు స్థలాలుగా ధ్యానించే మా సిలువమార్గంలో ఆరో స్థలం. వాటిలో మూడవది, ఏడవది, తొమ్మిదవది యేసు పడిపోయిన స్థలాలు. మీరు శ్రమల దినాలనే తపస్సు కాలంలో ప్రతి శుక్రవారం మేము మోకాళ్ల మీద ధ్యానించే సంగతులను ఒక దర్శకుడు తెర మీదికి తెచ్చాడు, అంతే. గిబ్సన్ కతోలికుడు, తన ఇంటి భక్తిని తీశాడు. మీ ఇంటి భక్తిలో లేనిదల్లా అబద్ధమైతే, మీరు డిసెంబరులో మీ మందిరం ముందు కట్టే పశువులపాకలో ముగ్గురు జ్ఞానుల బొమ్మలు పెడుతున్నారా లేదా అన్నది ముందు చెప్పండి.

నీవా ఒడ్డు, చిత్తూరు
టీచరమ్మ గారి మూడవ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ తప్పు చేసినదాన్ని నేనే. మా వాడికి తొమ్మిదేళ్లప్పుడు గుడ్ ఫ్రైడే నాడు ‘ప్యాషన్’ పెట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాను. మత్తయిలో ‘కొరడాలతో కొట్టించి’ అని ఒక్క మాటలో ముగిసేదాన్ని ఆ చిత్రం నిమిషాల తరబడి చూపిస్తుంది. వాడు నా చీర కొంగును నోట్లో కుక్కుకున్నాడు; నేను అది భక్తి అనుకున్నాను. ఆ తరువాత వారం రోజులు వాడు దీపం ఆర్పనివ్వలేదు. అమెరికాలోనే ఆ చిత్రానికి పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లలు చూడకూడదని ఆర్ సర్టిఫికెట్ ఇచ్చారని నాకు ఆ తరువాత తెలిసింది, కాని పక్కన పెద్దదాన్ని నేనుండి కూడా ఒరిగిందేమీ లేదు. దయచేసి చిన్నపిల్లలకు వద్దు.

ఇంకొక మాట. అదే చిత్రంలో వ్యభిచారమందు పట్టబడిన స్త్రీని మగ్దలేనే మరియగా చూపించారు. యోహాను 8వ అధ్యాయంలో ఆ స్త్రీకి పేరే లేదు. లూకా 8:2 ప్రకారం మరియ ఏడు దయ్యములు వదలిపోయిన స్త్రీ, తన ఆస్తితో ప్రభువుకు ఉపచారము చేసిన వారిలో ఒకతె. ఆమె పాపి అన్న పేరు 591లో పోపు గ్రెగొరీ చేసిన ప్రసంగంతో పశ్చిమ సంఘంలో స్థిరపడింది. మన ఆడపిల్లల ముందు ఈ పొరపాటును మళ్లీ మళ్లీ తెర మీద చూపించడం మీలో ఎవరికీ బాధ కలిగించదా?

పుత్తూరు కట్టు
అరచేతుల్లో మేకులు కొట్టడం ‘సరిగ్గా చూపించిన విషయం’ అని రాసిన పెద్దమనిషికి నా నమస్కారం. మాది మూడు తరాలుగా ఎముకలకు కట్టు కట్టే కుటుంబం. అరచేతిలో వేళ్ల ఎముకల మధ్య ఉండేది కండ, తోలు మాత్రమే. మనిషి బరువంతా దాని మీద పడితే మేకు రెండు వేళ్ల సందులోంచి చీల్చుకుని బయటకు వచ్చేస్తుంది. మేకు నిలవాలంటే మణికట్టు దగ్గర, ఎముకలు గుంపుగా ఉన్న చోట దిగాలి. 1930లలో పియర్ బార్బే అనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు కూడా పరీక్షలు చేసి ఇదే చెప్పాడు. అన్నిటికంటే పాఠానికి దగ్గరగా ఉన్నది ఏదని అడిగితే, ముందు శరీరానికి దగ్గరగా ఉన్నది ఏదో చూసుకోవాలి.

మూలవాక్యం, రేణిగుంట
అయ్యా, బార్బే తరువాత అమెరికాలో ఫ్రెడరిక్ జుగీబే అనే శవపరీక్షల వైద్యుడు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు, అరచేయి కూడా బరువును మోయగలదని రాశాడు. వైద్యులే తమలో తాము తేల్చుకోలేకపోతున్నారు. నాకు యోహాను 20:25 చాలు. శిష్యుడైన తోమా ‘ఆయన చేతులలో మేకుల గురుతు’ అన్నాడు. మణికట్టు అనలేదు.

పుత్తూరు కట్టు
అరచేయి అని కూడా అనలేదు కదా! ‘చేతులలో’ అన్నాడు. చెయ్యి విరిగిందని నా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మందికి విరిగేది మోచేతికీ మణికట్టుకూ మధ్య. ‘చెయ్యి విరిగింది’ అని వచ్చినవాడి అరచేతికి కట్టు కట్టి పంపితే వాడు నన్ను ఊరుకుంటాడా? తెలుగులో చెయ్యి అంటే భుజం నుండి వేలికొసల దాకా. సువార్త మూలభాష గ్రీకులో చేతికి ఉన్న ‘కెయిర్’ కూడా మణికట్టును కలుపుకునే మాట అని మా పక్కింటి పాస్టరు గారే చెప్పారు. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో పేతురు చేతుల నుండి సంకెళ్లు ఊడిపడ్డాయి. సంకెళ్లను అరచేతికి వేస్తారా, మణికట్టుకు వేస్తారా? మీ బైబిలే చూసి చెప్పండి.

ఆరో స్థలం, చిత్తూరు
ఈ విషయంలో మాత్రం నేను రేణిగుంట సోదరుని పక్షమే. యేసు పొందిన పంచగాయాలను తన శరీరం మీద పొందిన పునీత ఫ్రాన్సిస్ అస్సీసి వారి చిత్రపటాల్లో గాయం అరచేతిలోనే ఉంటుంది. శతాబ్దాలుగా విశ్వాసులు చూసింది అదే.

పుత్తూరు కట్టు
చిత్రకారుడు గీసినదాన్ని బట్టి ఎముక తన చోటు మార్చుకోదండీ. 1968లో యెరూషలేములో తవ్వకాల్లో సిలువ వేయబడిన ఒక మనిషి మడమ ఎముక దొరికింది, దానిలో పదకొండున్నర సెంటీమీటర్ల ఇనుప మేకు ఇంకా దిగి ఉంది. అదే మనిషి ముంజేతి ఎముక మీద కూడా మేకు గీసిన గీత ఉందని అప్పుడే రాశారు. అరచేతిలో కాదు, ముంజేతి మీద.

మూలవాక్యం, రేణిగుంట
సగం చదివి వాదించడం అంటే ఇదే. 1985లో ఆ ఎముకలను మళ్లీ పరిశీలించిన వారు ఆ గీత మేకుది అనడానికి ఆధారం లేదని తేల్చి, చేతులను తాడుతో కట్టి ఉండవచ్చునని రాశారు. మడమ సంగతి నిజం, చేతి సంగతి కాదు. కట్టు కట్టడం మీ వృత్తి కావచ్చు గాని పురావస్తు శాస్త్రం కాదు.

పుత్తూరు కట్టు
వాక్యం చదవడం మీ వృత్తి కావచ్చు గాని ఎముక మీద చెయ్యి వేసి చూసిన అనుభవం మీకు లేదు. ఈ మాటతో ఆపుతాను.

డబ్బింగ్ గొంతు, నగరి (ప్రస్తుతం చెన్నై)
టీచరమ్మ గారి రెండవ ప్రశ్నను ఇంతసేపూ ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి, ఇరవై రెండేళ్లుగా మైకు ముందు నిలబడినవాడిగా నేను చెప్పవలసి వస్తోంది. విదేశీ యేసు చిత్రానికి తెలుగు మాట రాయడం ఎంత కష్టమో బయటివారికి తెలియదు. తెర మీద నటుడి పెదవులు కలిసిన చోట మన మాటలో ప, బ, మ వంటి అక్షరం పడాలి, లేకపోతే గొంతు ఒక మనిషిది, నోరు ఇంకొక మనిషిది అయిపోతుంది. పైగా మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. నటుడు మొదటి మాటకే చేయెత్తి చూపిస్తే, మన అసలు మాట అతడు చేయి దించాక గాని రాదు. ‘నేనే మార్గమును, సత్యమును, జీవమును’ అన్న వాక్యం అదృష్టవశాత్తు క్రియ లేకుండా నిలుస్తుంది, అందుకే ఆ చోట ఏ తెలుగు అనువాదమూ చెడిపోదు. అసలు తగాదా ‘మీతో నిశ్చయముగా చెప్పుచున్నాను’ దగ్గర వస్తుంది. గ్రాంథికం ఉంచితే పిల్లలు నవ్వుతారు, ‘నేను మీకు ఖచ్చితంగా చెబుతున్నాను’ అంటే పెద్దలు లేచి వెళ్లిపోతారు. నా లెక్కలో యేసు మాటను మాత్రం బైబిలు తెలుగులో ఉంచి, చుట్టూ ఉన్న పరిసయ్యుల మాటను, సైనికుల మాటను, జనం మాటను వాడుక భాషలో పెట్టడమే సరైన దారి.

పాత రీలు, పలమనేరు
ఇరవై రెండేళ్లలో మీరు ఏ యేసు చిత్రానికి గొంతు ఇచ్చారో కొంచెం చెబుతారా?

డబ్బింగ్ గొంతు, నగరి (ప్రస్తుతం చెన్నై)
గొంతు ఇచ్చిన వారి పేర్లు బయట పెట్టకూడదన్నది మా వృత్తి ధర్మం.

పాత రీలు, పలమనేరు
జనం గుంపులో ‘సిలువ వేయుము’ అని అరిచి ఉంటారు. అయినా తప్పు లేదు, అక్కడ కూడా పెదవులు కలపాలి కదా. మీ పేర్లు దాచుకోండి, నేను నా సంగతి చెబుతాను. మన దేశంలో సినిమా పుట్టడానికే యేసు చిత్రం కారణమని మీలో ఎందరికి తెలుసు? 1911లో బొంబాయిలో, క్రీస్తు జీవితం మీద వచ్చిన ఒక విదేశీ మూగచిత్రాన్ని దాదాసాహెబ్ ఫాల్కే చూశాడు. తెర మీద క్రీస్తు కదులుతుంటే తన మనసులో రాముడు, కృష్ణుడు కదిలారని ఆయనే రాసుకున్నాడు. ఆ తరువాత రెండేళ్లకు, 1913లో, ఆయన తీసిన ‘రాజా హరిశ్చంద్ర’ వచ్చింది.

భారతం మిట్ట, పుంగనూరు
నేను క్రైస్తవుణ్ణి కాను, కాని పాత రీలు అన్న చెప్పిన మాట మీద ఒకటి రాయాలనిపించింది. మా వైపు ఎండాకాలంలో ద్రౌపదమ్మ తిరునాళ్లు జరుగుతాయి, పద్దెనిమిది రోజులు భారతం ఆడతారు. అర్జునుడి వేషం కట్టి తపస్సు మాను అనే పొడవాటి స్తంభం ఎక్కేవాడు ఉపవాసం ఉంటాడు, కింద ఆడవాళ్లు అతడు పైనుండి విసిరే నిమ్మకాయల కోసం కొంగు పడతారు. అక్కడ వాడు మా ఊరి మేస్త్రీ అని అందరికీ తెలుసు, అయినా ఆ పూట వాడు అర్జునుడే. ‘కరుణామయుడు’లో విజయచందర్‌ను మా వాళ్లు అలాగే చూశారు. 1986లో ఆయన షిర్డీ సాయిబాబాగా వచ్చినప్పుడు మా నాయనమ్మ తెర వైపు చూసి, "పాపం, యేసయ్య ముసలాయన అయిపోయినాడు" అన్నది. మధ్యలో 1983లో ఆయనే టంగుటూరి ప్రకాశం పంతులుగా కూడా నటించాడని ఆమెకు తెలియదు, తెలిసి ఉంటే ఏమనేదో! అందువల్ల మేకు ఎక్కడ దిగిందన్న దానికంటే, పిల్లలు ఎవరి ముఖాన్ని మొదట చూస్తారన్నది పెద్ద విషయమని నా అభిప్రాయం. 1959 నాటి ‘బెన్‌హర్’లో యేసు ముఖాన్ని అసలు చూపించనే చూపించరు; నన్నడిగితే అన్నిటిలోకీ తెలివైన పని అదే.

నీవా ఒడ్డు, చిత్తూరు
మగ్దలేనే మరియ గురించి నేను అడిగిన ప్రశ్న అలాగే ఉంది. మేకు అరచేతిలోనా మణికట్టులోనా అన్నదాని మీద మీరంతా పుటలకు పుటలు రాశారు. ఒక స్త్రీ మీద పద్నాలుగు వందల ఏళ్లుగా పడిన మాట మీద ఒక్క వాక్యం రాయలేకపోయారు.

ఆరో స్థలం, చిత్తూరు
చెల్లెమ్మ కోపం న్యాయమైనదే. పునరుత్థానమైన ప్రభువును మొదట చూసినది ఆమే కాబట్టి మా సంఘంలో ఆమె పండుగను 2016లో అపొస్తలుల పండుగల స్థాయికి పెంచారు. సినిమాలు ఇంకా అక్కడిదాకా రాలేదు.

మూలవాక్యం, రేణిగుంట
ఆ విషయంలో నాకు వాదన లేదు. అందుకే ఒకే సువార్త మీద తీసిన చిత్రం చూపించమని మొదటినుండి చెబుతున్నాను. లూకాను మాత్రమే పట్టుకుంటే 7వ అధ్యాయంలోని పేరులేని స్త్రీ వేరు, 8వ అధ్యాయంలోని మరియ వేరు అని పిల్లలకు చెప్పడం తేలిక. పసోలినీ చిత్రం నాకు అన్నిటికంటే ఇష్టం గాని పిల్లలకు పనికిరాదు, నలుపు తెలుపులో మెల్లగా సాగుతుంది. నాస్తికుడని పేరు పడినవాడు మత్తయి మాటలను మార్చకుండా తీశాడు, సిలువ దగ్గర మరియగా తన కన్నతల్లిని నిలబెట్టాడు, యేసు వేషం పంతొమ్మిదేళ్ల స్పానిష్ విద్యార్థికి ఇచ్చాడు. విశ్వాసులమైన మనమే మాటలు కలుపుతున్నాము. మీరు 1979 నాటి లూకా చిత్రమే తీసుకోండి. రెండు వేలకు పైగా భాషల్లోకి వెళ్లిన చిత్రం, తెలుగులో సులభంగా దొరుకుతుంది, నిడివి సుమారు రెండు గంటలే కాబట్టి మూడు శుక్రవారాలకు సరిపోతుంది.

పుత్తూరు కట్టు
ఆపుతానన్నాను గాని ఒక్క మాట. లూకా సువార్త సిలువ వృత్తాంతంలో మేకు అన్న పదమే లేదు, మీరే తెరిచి చూసుకోండి. నాలుగు సువార్తల్లోనూ ఆ మాట ఉన్నది మీరు చెప్పిన యోహాను 20:25లో మాత్రమే. లూకాను మాత్రమే పట్టుకుని తీసిన చిత్రంలో మేకులు ఎలా వచ్చాయి?

మూలవాక్యం, రేణిగుంట
చూశాను. లేదు. లూకా 24లో ప్రభువు ‘నా చేతులును నా పాదములును చూడుడి’ అన్నాడు గాని మేకు అనలేదు. ఇది మీ నుండి నేర్చుకున్నానని ఒప్పుకుంటున్నాను. మణికట్టు మాత్రం ఒప్పుకోను.

సండేస్కూలు టీచరమ్మ, తిరుపతి
అందరికీ కృతజ్ఞతలు. మొదటి రెండు శుక్రవారాలూ బాగానే జరిగాయి, నిన్నటితో చివరి భాగం కూడా పూర్తయింది. లూకా చిత్రాన్నే ఎంచుకున్నాము. నా నాలుగవ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు గనుక నేనే నేర్చుకున్నది చెబుతున్నాను: ఆరున్నరకు మొదలుపెడితే మొదటి పావుగంట బొమ్మ కనపడదు, ఏడు గంటలకు మొదలుపెట్టాలి. సున్నం వేసిన గోడ మీద తడి ఆరని చోట ఒక మరక మిగిలిపోయి, యేసు ఎక్కడ నిలబడినా ఆయన భుజం మీద ఒక మచ్చ పడింది. మొదటి రోజే ఒక పిల్లవాడు లేచి, "టీచర్, ఒంటెలు, రాజులు ఎందుకు రాలేదు?" అని అడిగాడు. వాళ్లు మత్తయిలో ఉన్నారని చెప్పి, మందిరంలోనే బైబిలు తెరిచి రెండు అధ్యాయాలనూ పక్కపక్కన చదివించాను. ఒక్క కుటుంబం మాత్రం ‘కరుణామయుడు’ వేయలేదని అలిగింది. దాన్ని ఈస్టరు తరువాత వేస్తామని మాట ఇచ్చాము. పాత రీలు గారూ, మీరు వస్తే రీళ్ల క్రమం మీరే చూసుకోవచ్చు.

పుత్తూరు కట్టు
సంతోషం అమ్మా. ఆ చిత్రంలో మేకులు ఎక్కడ కొట్టారో గమనించారా?

సండేస్కూలు టీచరమ్మ, తిరుపతి
లేదండీ. ఆ సమయానికి ముందు వరుసలో ఒక చిన్నపిల్ల ఏడుపు అందుకుంది. ఎత్తుకుని బయటికి తీసుకువెళ్లాను. మేము తిరిగి వచ్చేసరికి సమాధి రాయి తొలగి ఉంది.